నాలుగున్నరకు పూనకం

బోనాలొస్తే అల్వాల్ అనసూయమ్మ ఒంటి మీదికి అమ్మవారు రావడం ముప్పై ఏళ్లుగా ఉన్నదే. ఊరంతా కంప్యూటర్ కోర్సుల మీద పడ్డ రోజుల్లో, సికింద్రాబాద్‌లోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ‘మన వారసత్వం’ కార్యక్రమానికి ఆమెను పిలిచింది. విశాఖ వైపు నుంచి వచ్చిన మేనేజరు వరహాలబాబు కాగితం చూసి, “డాన్సు తర్వాత మీ పూనకమండి. నాలుగున్నరకి మొదలెట్టి పావుగంటలో ముగించాలి,” అన్నాడు.

“తల్లికి చెప్పి చూస్త బిడ్డా,” అందామె.

తల్లి రాలేదు. డప్పు మోగుతోంది, మూడొందల మంది చూస్తున్నారు. పరువు పోతుందని అనసూయమ్మ జుట్టు విరబోసుకుని తనకు తోచినట్టు ఊగింది. హాలంతా చప్పట్లు. దండం పెట్టేవాళ్లనే తప్ప చప్పట్లు కొట్టేవాళ్లను ఎరగని మనిషి, సిగ్గుతో చచ్చిపోయింది.

తిరిగి వెళ్తుంటే లిఫ్టులో వరహాలబాబు, “బాగా చేశారండి. వచ్చే ఏడు ఇంకాస్త గట్టిగా అరవండి,” అన్నాడు.

మూడో అంతస్తు దాటుతుండగా తల్లి వచ్చింది.

“నన్ను పిలిచి చప్పట్లు కొడ్తవారా? నా బోనమేదిరా?”

కింద తలుపులు తెరుచుకునేసరికి మేనేజరు బూట్లు చేత పట్టుకుని మొక్కుతున్నాడు.

ఆ ఆదివారం అల్వాల్ వీధిలో, మెడలో కంపెనీ కార్డుతో, నెత్తిన బోనంతో వరహాలబాబు నడిచాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.