బావ గొంతు

డబ్బింగు స్టూడియోలో అతన్ని అందరూ కుక్కర్ అనే పిలుస్తారు. ఆ బొమ్మల సీరియల్లో వంటింట్లో కుక్కర్ కూత వేసినా, పక్కింటి కుక్క మొరిగినా, వీధిలో జనం గోల పెట్టినా ఆ నోరు మనవాడిదే మరి! సీరియల్ ఎప్పుడో మొదలైంది. దాన్ని చూస్తూ పెరిగినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తున్నారు. బొమ్మలకేం, వయసా పాడా! తండ్రి అలాగే పొట్టేసుకుని సోఫాలో, తల్లి అలాగే గరిటె పట్టుకుని అతని వెనకాల. మనవాడికి మాత్రం జుట్టు నెరిసిపోయింది. ఇన్ని సీజన్లలోనూ చెప్పుకోవడానికి ఒక్క పూర్తి మాట దక్కలేదు పాపం.

అలాంటిది, తండ్రికి గొంతిచ్చే పెద్దాయన డాక్టరు మాట విని మానేశాడు. కొత్త సీజన్ నెత్తి మీదికొచ్చింది. డైరెక్టరమ్మ ఒక్కొక్కరినీ మైకు ముందు నిలబెట్టి, విని విని విసిగిపోయి, చివరికి "నువ్వూ ఒకసారి చూడు కుక్కర్" అంది. వెళ్ళాడే గానీ బుర్ర ఖాళీ. పెద్దాయన్ని అనుకరిస్తే నవ్విపోతారు. పోనీ సొంత గొంతా అంటే, అది కుక్కకే తప్ప మనిషికి పనికిరాదని ఎప్పుడో తేల్చేశారు. ఏమీ తోచక నోరు తెరిచాడు. బావ గొంతు వచ్చింది.

బావ అంటే అక్క మొగుడు, సిటీ బస్సు కండక్టరు. ఆయన మాట తీరే వేరు. ముందు ముక్కుతో ఓ చిన్న "హుఁ", తర్వాత "ఏమంటానంటే" అని నింపాదిగా ఎత్తుకుంటాడు. చివరికొచ్చేసరికి గొంతు సన్నబడి, ఎక్కడికో పైకి పోతుంది. "హుఁ, ఏమంటానంటే, కాస్త లోపలికి జరగండి నాయనా!" అంటే నిద్రపోయేవాడు కూడా లేచి జరుగుతాడు. అమ్మా నాన్నా పోయాక మనవాణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నది ఆ బావే. చదువు అబ్బకపోతే పోనీలే అన్నదీ, ఈ గొంతుల పిచ్చి చూసి చుట్టాలంతా ఎగతాళి చేస్తుంటే "హుఁ, ఏమంటానంటే, వాడి నోట్లో ఏదో ఉందే" అని అక్కతో చెప్పి, దగ్గరుండి స్టూడియో మెట్లెక్కించిందీ ఆయనే.

అద్దం అవతల రికార్డింగు ఇంజనీరు పొట్ట పట్టుకుని నవ్వాడు. డైరెక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. పాత్ర మనవాడిదైపోయింది. అక్క ఇంటికెళ్ళి చెబితే బావ "నేను చెప్పలా!" అని వీపు మీద చరిచి, వీధిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకొచ్చాడు. ఆ గొంతు ఎవరిదో అప్పుడే చెప్పేస్తే పోయేది. మనవాడు నీళ్ళు నమిలాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. టీ దగ్గర రచయితలు చుట్టూ చేరి "ఈ గొంతున్నవాడు ఇంకేం చేస్తాడోయ్?" అని అడగడం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ ఇతని మాట వినే నాథుడే లేడాయె, పొంగిపోయాడు. ఓసారి అక్క బావ బస్సులోనే వెళ్తూ, జారిపోయిన చెప్పు తెచ్చుకోవడానికి దిగితే, బావ మరిచిపోయి విజిలేసి బస్సు పోనిచ్చేసిన కథ చెప్పాడు. ఆ చెప్పూ దొరక్క అక్క ఒంటి చెప్పుతో ఇంటికి నడిచొచ్చి తలుపు గడియ వేసుకుందనీ, బావ మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడనీ, అది కూడా చెప్పాడు. ఆ ఏడుపు చెప్పకపోతే కొంప మునిగేదా? సీజన్ సగానికొచ్చేసరికి బొమ్మల తండ్రి పెళ్ళాన్ని బస్టాపులో వదిలేసి, మెట్ల మీద సన్నటి గొంతుతో ఏడ్చాడు. ఊరంతా పడీ పడీ నవ్వింది.

ఆ రోజు నుంచీ మనవాడు అక్క ఇంటి వైపు వెళ్ళలేదు. రికార్డింగులున్నాయన్నాడు, జలుబన్నాడు. ఎవరి గొంతు వాళ్ళకి తెలీదు కదా, బావ కనిపెట్టి ఉండడులే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. చివరికి అక్కే ఫోన్ చేసింది. "ఆదివారం రా. మీ బావకి నీతో పనుందిట." అంతే, పెట్టేసింది.

చచ్చినట్టు వెళ్ళాడు. అక్క కంచం పెట్టింది, వడ్డించింది, మొహం కేసి మాత్రం చూడలేదు. వంట బాగుందంటే పలకలేదు. తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె తడిబట్టలు ఆరేయడానికి వెనక వరండాలోకి వెళ్ళాక బావ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒరేయ్, నాకో కొత్త గొంతు నేర్పరా."

"కొత్త గొంతేమిటి బావా?" అన్నాడు మనవాడు.

"బస్సులో నోరు తెరిస్తే చాలు, ఇకిలిస్తున్నారు. మళ్ళీ అను, మళ్ళీ అను అని పిల్లలు వెంటపడుతున్నారు. డ్యూటీలో కార్టూన్ వేషాలేమిటని డిపో మేనేజరు చివాట్లు పెట్టాడు. నా గొంతే అది బాబూ అంటే నమ్మడే! ఇంకో కంప్లైంటొస్తే బస్సు దింపేసి గ్యారేజీలో కూర్చోబెడతాట్ట. జనం మధ్య తిరిగినవాణ్ణి, ఆ ఇనప సామాన్ల మధ్య ఎలా ఉంటానురా?"

"బావా, అది నేనే... నీ గొంతు నేనే..." అని తల దించుకున్నాడు మనవాడు.

"తెలుసులేరా. మొదటి వారమే మీ అక్క టీవీ కట్టేసింది. నేనే మళ్ళీ పెట్టమన్నాను. బాగా చేశావు. మెట్ల సంగతి చెప్పకుండా ఉండాల్సింది."

సిగ్గుతో చచ్చిపోయాడు మనవాడు. "మానేస్తా బావా! రేపే వెళ్ళి చెప్పేస్తా!" అన్నాడు.

"పిచ్చి వాగుడు వాగకు. ఈ వయసుకి నీకో పాత్ర దొరికింది. ఇద్దరికీ ఒకే గొంతు కుదరనప్పుడు మార్చుకోవాల్సింది నేనే. నాదేముంది, టిక్కెట్లిచ్చుకునేవాణ్ణి."

ఆ మాట వినగానే మనవాడి ప్రాణం ఒక్కసారి కుదుటపడింది. హమ్మయ్య అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. అనుకున్నానని తెలిశాక తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా రెండోసారి మానేస్తానని అనలేదు.

నేర్పాడు. ముక్కుతో పీల్చకు బావా. 'ఏమంటానంటే' వద్దు, సూటిగా మొదలుపెట్టు. చివర్న పైకి పోనీయకు, కిందికి దించు. బావ బుద్ధిగా విన్నాడు. చొక్కా సర్దుకుని, బస్సులో ఉన్నట్టే నిలబడి, మళ్ళీ మళ్ళీ అన్నాడు. చివరికి కుదిరింది. "లోపలికి జరగండి." రుచీ పచీ లేని గొంతు. ఎవరిదైనా కావచ్చు.

అక్క తడి తువ్వాలు చేత్తో పట్టుకునే హడావుడిగా లోపలికొచ్చింది. "ఎవరండీ వచ్చింది?"

"నేనేనే" అన్నాడు బావ అదే గొంతుతో, పరీక్ష నెగ్గినవాడిలా సంబరపడుతూ.

అక్క అక్కడే నిలబడిపోయింది. ఆ పూట మొదటిసారి తమ్ముడి కేసి చూసింది. మనవాడు తల ఎత్తలేకపోయాడు.

"బస్సులో ఎలాగైనా ఏడవండి. ఇంట్లో మాత్రం నా మొగుడి గొంతుతో మాట్లాడండి" అంది.

"హుఁ..." అని మొదలుపెట్టాడు బావ. అంతలోనే ఆ గొంతు ఇచ్చేసిన బావమరిది ఎదురుగానే ఉన్నాడని గుర్తొచ్చి మొహమాటంగా అతని కేసి చూసి, ఆపేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అలాగేలే" అన్నాడు, కొత్త గొంతుతోనే.