దుర్భిణిలో చూసి చెప్పిన అబద్ధం

పదిహేనేళ్లుగా ఒక మాటను మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టే నీకు చెబుతున్నాను.

దేవదానం నాచారంలో మా ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. నాకంటే ఆరేళ్లు చిన్న. ఉప్పల్ అవతల బండల మధ్య మా క్లబ్బువాళ్లు పిస్తోలు కాల్చే చోటికి సైకిలు మీద నేనే తీసుకెళ్లాను. పిస్తోలు పట్టడం నేర్పిందీ నేనే. పత్రికలో ఎవరో క్యూబా షూటర్ ఫొటో పడితే కత్తిరించి గోడకు అంటించుకున్నాడు. ఆయనలాగే ఎడమ చేయి జేబులో పెట్టుకుని నిలబడేవాడు. నవ్వాను. ఏడాది తిరగకుండానే నన్ను దాటిపోయాడు.

అసూయ అంటే చాలదు. కడుపుమంట. నాకు ఎనిమిదేళ్లు పట్టిన విద్య, వాడికి చర్చిలో పాట పాడినంత తేలిగ్గా వచ్చింది. వాడి గురి తప్పాలని మొక్కుకున్న రోజులున్నాయి. నేనూ ఒక మనిషినేనా?

జాతీయ పోటీలకు మా క్లబ్బు నుంచి ఒక్కరే వెళ్లాలి. ఎంపిక రోజు వచ్చింది. పోటీ మా ఇద్దరి మధ్యే. యాభై మీటర్ల దూరాన కాగితం మీద పడ్డ చిల్లు కంటికి ఆనదు. క్లబ్బంతటికీ ఒకటే దుర్భిణి. అందుకని ముందు పరీక్షకు కాల్చే గుండ్లు ఎక్కడ పడ్డాయో ఒకరికొకరం చూసి చెప్పుకునేవాళ్లం. దాన్నిబట్టి పిస్తోలు మీది గురి మర సరిచేసుకోవాలి. అసలు గుండ్లు మొదలయ్యాక ఎవరూ నోరు విప్పకూడదు.

వాడు పరీక్షకు మొదటి గుండు కాల్చాడు.

"ఏడ పడ్డదన్నా?"

సరిగ్గా నడుమ పడింది. దుర్భిణిలో కళ్లారా చూశాను.

"ఎడమకు పోయింది. మర జర కుడికి తిప్పు," అన్నాను.

తిప్పాడు. మళ్లీ కాల్చాడు. ఈసారి గుండు కుడికి పోయింది.

"గిప్పుడు నడుమ పడ్డది," అన్నాను.

వాడు అనుమానించలేదు. నేర్పినవాణ్ని ఎవరైనా అనుమానిస్తారా?

అసలు గుండ్లన్నీ కుడివైపే గుంపుగా పడ్డాయి. మొదటి చిల్లు నడుమే ఉన్న పరీక్ష కాగితాన్ని ఎవరూ చూడకముందే నేనే పీకి, నలిపి, జేబులో కుక్కుకున్నాను. వాడే వచ్చి నా భుజం మీద చేయి వేశాడు.

"నాదే తప్పన్నా. మర ఎక్కువ తిప్పిన. నువ్వు పొయ్యి మన పేరు నిలబెట్టు."

వెళ్లాను. అట్టడుగున మిగిలాను. వాడు మళ్లీ పిస్తోలు ముట్టలేదు. మరలు తిప్పడమే వాడి బతుకుదెరువు. ఆ చేతులే తనను మోసం చేశాయని నమ్మాడు. క్యూబా ఫొటో కూడా గోడ మీంచి తీసేశాడట.

ఇప్పటికీ లాలాపేట్‌లో కలిస్తే, "గీ మీ పెద్దబాపే నాకు పిస్తోలు నేర్పిండు," అని తన పిల్లలకు నన్ను చూపిస్తాడు. అప్పుడూ నాకు కడుపుమంటే. ఈసారి వాడి గురి మీద కాదు, వాడి నిశ్చింతైన నిద్ర మీద, ఏ మచ్చా లేని ఆ మొహం మీద. రెండుసార్లు చెప్పబోయాను. చాయ్ తాగుదామని మాట మార్చాను.

నీతో చెప్పాక గుండె కొంచెం తేలికైంది. వాడికి మాత్రం చెప్పను. చెబితే క్షమించేస్తాడు. అక్కడా వాడే గెలుస్తాడు.