గట్టు మీద రెండు కిక్కిస పుల్లలు

నా చిన్నప్పుడు ఒక సైకిలు టైరులో గాలి గురించి నిజం తెలిసి కూడా సగం చెప్పి నోరు మూసుకున్నాను. మీరు దేని గురించి మూసుకున్నారు? తొందరేం లేదు, ఆలోచించుకోండి. ఈలోగా నా సంగతి చెబుతాను.

తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగు చదువుతున్న మా మనవరాలు సైక్లో-క్రాస్ అనే పోటీలకు సాధన చేస్తోంది. బురదలో, గడ్డిలో, మెరకపల్లాల్లో సాగే సైకిలు పందెం అది. సైకిలు ముందుకు పోని చోట దిగి, దాన్ని భుజాన వేసుకుని పరుగెత్తి, మళ్ళీ పరుగులోనే ఎక్కాలట. ఇదేదో కొత్త ఆట అన్నట్టు ఆ పిల్ల నాకు చేతులు తిప్పుతూ వివరిస్తుంటే నవ్వొచ్చింది. పన్నెండేళ్ళ వయసులో, లంగా ఎగదోపుకుని, కొల్లేటి గట్టు మీద నేను చేసింది అదే. దానికి ఒక పేరుందని తెలియదు. నేర్పిన మనిషి మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. వానల్లో నీళ్ళు చుట్టుముడితే దోనెల మీద రాకపోకలు సాగేవి. నీళ్ళు తీశాక దోనె నడవదు, బురద గట్టు మీద ఎడ్లబండి కూడా నడవదు, చుట్టుదారిన పోతే ఒక పూట పడుతుంది. పెదపాడు వైపు రోడ్డు చేరాలంటే నాలుగు మైళ్ళ మట్టిగట్టు, మధ్యలో మోకాలి లోతు బురదతో రెండు గండ్లు. హైస్కూలు ఆ రోడ్డు పక్కన ఉండేది. మగపిల్లలు గట్టంతా సైకిళ్ళు తొక్కుతూ, గండ్ల దగ్గర మోసుకుంటూ వెళ్ళేవారు. ఆడపిల్లలకు ఊళ్ళో ఉన్న ఏడో తరగతితోనే చదువు ఆఖరు. ఎందుకని అడిగితే, ఆడపిల్లలు ఆ గట్టు దాటలేరు అనేవారు. ఎప్పుడైనా దాటించి చూశారా అని అడిగిన మనిషి ఊళ్ళో లేడు. ఆ ఏడు ఏడో తరగతిలో మేం ఆరుగురం ఆడపిల్లలం.

మా పక్కింట్లో ఆరోగ్య కేంద్రం నర్సు ఒకావిడ అద్దెకు ఉండేది. ఏలూరులో చదువుకున్న క్రైస్తవుల అమ్మాయి, మహా అయితే పాతికేళ్ళు ఉంటాయి. ఊరంతా నర్సమ్మ గారనేవారు, నేను అక్కా అనేదాన్ని. టీకాల పెట్టె వీపుకు కట్టుకుని, సైకిలు భుజానికెత్తుకుని, ఆవిడ వెళ్ళని లంక లేదు. ఆవిడ రోజూ దాటే గట్టునే ఆడవాళ్ళు దాటలేరని ఆవిడ ముందే అనేవారు. మరి నర్సమ్మ గారో అంటే, ఆవిడ సంగతి వేరండి అనేవారు. కళ్ళెదుట ఉన్న సాక్ష్యాన్ని తోసిపారేయడానికి మనవాళ్ళు కనిపెట్టిన మాటల్లో ఇంత చవకైనది ఇంకొకటి లేదు.

ఒకరోజు పంచాయతీ ప్రెసిడెంటు గారి మనవడికి టీకా వేయడానికి వెళ్ళి, వాళ్ళ అరుగు మీదే ఆవిడ మా చదువు సంగతి ఎత్తింది. ఏటా కార్తీకంలో ఊరి కుర్రాళ్ళు గట్టు పందెం పెట్టుకునేవారు. ఊరి చివర నుంచి రోడ్డు దాకా సైకిళ్ళ మీద పోటీ అది. ప్రెసిడెంటు గారు చెడ్డవారేం కాదు. నవ్వుతూనే అన్నారు.

"పందెంలోకి ఒక్క ఆడపిల్లని దింపండి నర్సమ్మ గారూ. గెలవక్కర్లేదు, ఆఖరున రాకుండా ఉంటే చాలు. ఆరుగుర్నీ నేనే దగ్గరుండి హైస్కూల్లో చేర్పిస్తానండి."

"నలుగురూ విన్నారండీ. మరి మాట మీద ఉండాలి," అందావిడ.

ఆ ఆరుగురిలో ఇంట్లో సైకిలు ఉన్నది ఒక్క మాకే. అందుకని ఆ ఒక్క ఆడపిల్లను నేనయ్యాను.

మొదటి వారమంతా అక్క సైకిలు దిగడమే నేర్పింది. నడుస్తున్న సైకిలు మీద నుంచి కుడికాలు వెనకగా తిప్పి, ఎడమ పెడలు మీద నిలబడి, ఊపు తగ్గకుండా నేల మీదికి దిగి పరుగందుకోవాలి. బురదలో చక్రం ఆగిపోయాక దిగితే మళ్ళీ కదలడానికే సత్తువంతా పోతుందనీ, ఇంకా పోగలను అనిపిస్తుండగానే దిగాలనీ చెప్పేది. మోకాళ్ళు చీరుకుపోయాయి. తరవాత మోయడం నేర్పింది. తన పాత చీర చింపి చుట్ట చుట్టి నా భుజం మీద పెట్టి, సైకిలు పైగొట్టం దాని మీద ఆనేలా సర్దేది. మా నాన్న బతిమాలుతున్నా వినకుండా మడ్‌గార్డులు రెండూ విప్పించేసింది. బంకమన్ను వాటి లోపల చేరి చక్రాన్ని బిగబట్టేస్తుందని చూపించాక నాన్న కూడా ఒప్పుకున్నారు.

ఆ తరవాత ఒక పొద్దున గట్టు మీద సైకిలు ఆపి, వంగి, రెండు టైర్లలోనూ గాలి తీయడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా వైపు టైరంటే రాయిలా ఉండాలి. పందెం ముందు కుర్రాళ్ళు వేలు కూడా దిగబడనంత గాలి కొట్టించుకునేవారు. అదేంటక్కా అని అడిగాను. ఆవిడ మళ్ళీ పంపుతో గట్టిగా గాలి కొట్టి, జిగటగా ఉన్న ఒక ఎత్తు చూపించి తొక్కమంది. కొంత దూరం వెళ్ళేసరికి వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగింది, పడ్డాను. నేను పడిన చోట గుర్తుగా అక్క ఒక కిక్కిస పుల్ల గుచ్చింది, కొల్లేట్లో నిలువెత్తు పెరిగే గడ్డి కాడ అది. తరవాత బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయేంతగా గాలి తీసి, అదే ఎత్తు మళ్ళీ తొక్కమంది. టైరు మన్నును కరుచుకుని పైకి పాకింది. ఈసారి రెండో పుల్లను దాదాపు ఆ ఎత్తు చివర గుచ్చింది. అంతటితో వదల్లేదు. మళ్ళీ గట్టిగా, మళ్ళీ మెత్తగా తొక్కించింది. పుల్లలు జానెడు అటూ ఇటూ జరిగాయే గానీ వాటి మధ్య దూరం పోలేదు. ఆ సాయంత్రం ఎండిన రోడ్డు మీదికి తీసుకెళ్ళి అక్కడ గట్టి టైరే వేగంగా పోతుందని కూడా చూపించింది. కుర్రాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదనీ, రోడ్డు మీద నిజమైన సంగతిని బురదలోకి కూడా మోసుకొచ్చారనీ చెప్పింది.

"నేను చెప్పానని నమ్మకు. పుల్లలు ఎక్కడున్నాయో చూడు."

పుస్తకాలు చదివి, వేదికలెక్కి, మూఢనమ్మకాల మీద నేను తరవాత వాదించినదంతా ఈ రెండు ముక్కల్లో ఉంది. ఇది నాకు పన్నెండేళ్ళకే ఉచితంగా దొరికింది. దాన్ని నేనేం చేశానో వినండి.

పందెం రోజు ఊరంతా గట్టు మొదట్లో చేరింది. మిగతా అయిదుగురు ఆడపిల్లలూ ముందు వరసలో నిలబడ్డారు. అక్క లేదు. ఎవరైనా పడితే కట్టు కట్టడానికి రెండో గండి దగ్గర ఉండమన్నారు. రోడ్డు మీద షాపు పెట్టుకున్న సైకిలు మేస్త్రీ గారు ఏటా పంపు పట్టుకొచ్చి పోటీకి దిగేవాళ్ళకు గాలి కొట్టేవారు. నా టైరు నొక్కి చూసి జాలిపడ్డారు.

"గాలే లేదు కదమ్మా. ఇదేసుకుని పందేనికొచ్చావా?"

నవ్వులు మొదలయ్యాయి. "టైరు ఉపవాసం ఉందిరా, కార్తీకం కదా," అన్నాడొకడు. నర్సమ్మ కావాలనే తీసిందేమో, ఆవిడకి మన పిల్లలు గెలిస్తే ఏం వస్తుంది అని వెనక ఎవరో ఆడమనిషి గొణిగింది. మా నాన్న నా వైపు చూసి తల దించుకున్నారు. మేస్త్రీ గారు బలవంతం చేయలేదు. పంపు చేత్తో పట్టుకుని, కొట్టమంటావా తల్లీ అని అడిగారు. నా కళ్ళకు పుల్లలు కనబడుతూనే ఉన్నాయి, వాటి మధ్య దూరంతో సహా. చెవుల్లో నవ్వులున్నాయి. కొట్టండి అన్నాను.

మొదటి మైలులోనే రెండుసార్లు పడ్డాను. మొదటి గండి దగ్గర మాత్రం నేర్చుకున్నది పనికొచ్చింది. ఊపులోనే దిగి, సైకిలు భుజానికెత్తుకుని, బురదలో కూరుకుపోయిన ఇద్దరు కుర్రాళ్ళను దాటిపోయాను. అవతల గట్టెక్కాక ఆ ఇద్దరూ నన్ను మళ్ళీ దాటేశారు. వాళ్ళ టైర్లూ గట్టివే, కానీ వాళ్ళ కాళ్ళలో నాకు లేని బలం ఉంది. బలం లేని నాకు ఉన్న ఒక్క ఆసరానూ నేనే పోగొట్టుకుని వచ్చాను. రెండో గండికి వచ్చేసరికి అందరికన్నా వెనకబడ్డాను, ఒళ్ళంతా బురద. అక్క ఎదురొచ్చి ముందు నన్ను చూడలేదు. వంగి టైరును బొటనవేలితో నొక్కింది.

"ఎవరు కొట్టారు?"

"నేనే కొట్టించుకున్నానక్కా."

 వాల్వు వదులు చేసి రెండు టైర్లలోనూ గాలి తీసి, మళ్ళీ బిగించి, వీపు మీద తట్టింది. ఆ చివరి మైలున్నర నేను తొక్కినట్టు ఊళ్ళో ఎవరూ తొక్కి ఉండరు. చక్రం ఎక్కడా జారలేదు. ముందున్నవాడు నిమిష నిమిషానికీ దగ్గరయ్యాడు. ఇంకో వంద గజాలు గట్టు మిగిలి ఉంటే వాణ్ణి దాటేదాన్ని. గట్టు అయిపోయింది. వాడు రోడ్డెక్కిన తరవాత నేను ఎక్కాను. ఆఖరున వచ్చాను.

ప్రెసిడెంటు గారూ పెద్దలూ తెల్లవారుజామునే బండెక్కి చుట్టుదారిన రోడ్డుకు చేరి ఉన్నారు. మా వెనకే తన సైకిలు మీద వచ్చిన మేస్త్రీ గారు నా టైరు నొక్కి ఆశ్చర్యపోయారు. తను కొట్టిన గాలి ఏమైందన్నారు. అందరూ మూగారు. ప్రెసిడెంటు గారు నన్ను మెల్లగానే అడిగారు, గాలి ఎవరు తీశారమ్మా అని.

"నర్సక్క," అన్నాను.

అది అక్షరాలా నిజం. దాని ముందున్నదీ వెనకున్నదీ చెప్పలేదు. గట్టి టైరుతో పడ్డాననీ, మెత్తటి టైరుతోనే కోలుకున్నాననీ, కొట్టించుకున్నది నేనేననీ చెప్పలేదు. తప్పు నా మీద పడుతుందని భయం. ఇరవై మంది పెద్దల ముఖాలు చూసి భయం. అంతే, తేలిపోయింది. నర్సమ్మ గాలి తీసేసింది, పిల్ల ఓడిపోయింది. ఓటమికి కారణమైనది మందైంది, మందు విషమైంది. మూఢనమ్మకం ఎలా పుడుతుందని నన్ను సభల్లో అడుగుతుంటారు. నేను దగ్గరుండి పుట్టించాను కాబట్టి నాకు తెలుసు. దానికి దయ్యాలూ దేవుళ్ళూ అక్కర్లేదు, చూసినవాళ్ళు సగం చెప్పి ఊరుకుంటే చాలు.

అక్క నడిచి వచ్చేసరికి ఆ మాట రోడ్డు మీద చేరినవాళ్ళందరికీ పాకింది. ఆవిడ కోప్పడలేదు. రండి, ఆ ఎత్తు దగ్గరే గట్టి టైరుతో ఒకసారి, మెత్తటి టైరుతో ఒకసారి మీరే తొక్కి చూడండి అని అడిగింది. పందెం అయిపోయింది కదండీ, భోజనాల వేళయింది అన్నారు. అందరూ వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చి, నా మోకాలికి కట్టు కడుతూ ఒకే మాట అంది.

"నువ్వు చూశావు కదమ్మా."

తల ఊపాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

ఆ తరవాత కొన్ని ఇళ్ళలో పిల్లలకు టీకాలు వేయించడం మానేశారు. పందెంలో అంత పని చేసిన మనిషి సూదిలో ఏం పెడుతుందో అన్నారు. వేసవిలో ఆవిడకు బదిలీ అయింది. ఎక్కడికి వెళ్ళిందో నేను కనుక్కోలేదు. కనుక్కోవాలనిపించిన నాటికి చెప్పగలిగినవాళ్ళు లేరు. మా మేనత్త ఏలూరులో ఉండడం వల్ల నాన్న నన్ను అక్కడికి పంపారు. నేను చదువుకున్నాను. మిగతా అయిదుగురూ చదువుకోలేదు.

ఇప్పుడు ఆ గట్టు మీద సిమెంటు రోడ్డుంది, రెండు వైపులా చేపల చెరువులున్నాయి. దాని వల్ల మనుషులు మారారని నేను అనుకోను. పోయిన నెల మా మనవరాలికి చెరువు గట్టు మీద టైరు నొక్కి చూడడం నేర్పాను, పుల్లలు గుచ్చి మరీ చూపించాను. వాళ్ళ శిక్షకుడూ ఆ మాటే చెప్పాడట. పోటీ నుంచి ఫోను చేసింది. అందరూ నవ్వుతున్నారమ్మమ్మా, నేనూ గట్టిగా గాలి కొట్టించేసుకున్నాను అంది. 

ఆ ఫోను తరవాతే ఊరికి వెళ్ళాను. ఆనాటి అయిదుగురిలో ఒకామె చెరువుల దగ్గర రొయ్యలు ఏరే పని చేస్తోంది. ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. పంపు సంగతి, వాల్వు సంగతి, నేను మింగేసిన మాటలు అన్నీ చెప్పాను. చేతిలో పని ఆపకుండా వింది.

"మంచిదేనమ్మా, చెప్పావు. ఇప్పుడు నన్ను ఏ క్లాసులో చేర్పిస్తావు?"

నవ్వుతూనే అంది. ఆ నవ్వు తట్టుకోలేక నేనూ ఆమె పక్కన రొయ్యలు ఏరసాగాను.

నాతో మిగిలింది ఇదీ. టైరు కనబడితే ఇప్పటికీ బొటనవేలు దానంతట అదే వెళ్ళి నొక్కుతుంది. ఆ వేలికి నిజం తెలుసు. అప్పుడూ తెలుసు. తెలియడం దేనికీ సరిపోదని నా అనుభవం. దాన్ని గడువు లోపల నోటితో చెప్పాలి, ఆ గడువు మనం అనుకునేదానికంటే చాలా చిన్నది. నాది రోడ్డు మీద ప్రెసిడెంటు గారు అడిగిన ఆ ఒక్క నిమిషం.

మొదట్లో అడిగిన ప్రశ్నకు ఈపాటికి మీకు సమాధానం దొరికే ఉంటుంది. ఎవరి మీదో పడిన ఒక నింద, మీరు కళ్ళారా చూసి సగం చెప్పి వదిలేసిన సంగతి. ఆ మనిషి ఇంకా బతికుంటే, దానివల్ల నష్టపోయినవాళ్ళకు ఇంకా వయసుంటే, ఈ కాగితం కింద పెట్టి లేవండి. నింద వేసినవాళ్ళ ముందుకే వెళ్ళి మిగతా సగం చెప్పండి. రేపు కాదు, ఇవాళ.