ముందు కవరు చదివే సారు

మా టపా సారు ఇక లేరని మొన్న శుక్రవారం పొద్దున కబురొచ్చింది. పెద్దపల్లిలో హాస్టల్ సీట్లు చూసే మా ఆఫీసుకొచ్చే ఉత్తరాలన్నీ ముప్పై ఏళ్లు చూసుకున్న మనిషి. రిటైరై రెండేళ్లయినా ఆయన్ని మరో పేరుతో పిలవడం మాకెవరికీ అలవాటు కాలేదు.

ఆయన ఏ కవరునూ వెంటనే చింపేవారు కాదు. ఎవరు పంపారు, ఎవరికి, ఏ ఊరి ముద్ర, ఏ తేదీ, బయటంతా చదివాకే బ్లేడు తీసేవారు. ఈమెయిల్ వచ్చాక ఇక ఈయన పని అయిపోయినట్టే అనుకున్నాం. ఆయన తెర వంక కాసేపు చూసి, "ఫ్రమ్, టు, సబ్జెక్టు, డేటు. గిది గూడ కవరే గదా బేటీ" అన్నారు. నెల తిరక్కుండానే వెతకడంలో మమ్మల్నందరినీ దాటిపోయారు. తను పంపే మెయిల్లో మాత్రం సంగతంతా సబ్జెక్టులోనే రాసి, లోపల ఖాళీగా వదిలేసేవారు. "మీదనే తెలిస్తే మల్ల చింపుడెందుకు?" అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఓ తల్లి వచ్చింది. కూతురి హాస్టల్ సీటుకు దరఖాస్తు మెయిల్లో పంపిస్తే జాబితాలో పేరు లేదట. ఆ జాబితా సాయంత్రమే పైకి పోతుంది. నేను పిల్ల పేరు కొట్టి వెతికాను, ఏమీ కనిపించలేదు. "మీది రాలేదమ్మా" అని తల కూడా ఎత్తకుండా చెప్పేశాను.

సారు కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చారు. "రాలే అనకు బేటీ. కనవడలే అను." తర్వాత ఆమె వైపు తిరిగారు. "ఏడికెల్లి పంపిచ్చినవమ్మా?"

"బస్టాండు కాడ నెట్ సెంటర్లకెల్లి సారూ. మాకు మెయిలు గియిలు యాడియి? దుకాణపాయనే ఆయన దాంట్లకెల్లి పంపిండు."

"ఎన్నడు?"

"మొన్నటి అంగడి నాడు."

ఫ్రమ్‌లో ఆ దుకాణం అడ్రసు, డేటులో అంగడి, అంటే వారపు సంత జరిగిన రోజు పెట్టి మెయిల్లోని చెత్తబుట్టతో సహా వెతికారు. దరఖాస్తు బుట్టలోనే ఉంది. మరో ఎనిమిది మంది పిల్లలవీ దాని పక్కనే ఉన్నాయి. ఆ దుకాణం పెళ్లికార్డుల ప్రకటనలు పంపుతోందని విసుగొచ్చి, అక్కడి నుంచి ఏమొచ్చినా బుట్టలో పడేలా ఫిల్టర్ పెట్టింది నేనే. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ ఒక్క అడ్రసు నుంచే పంపుతాయని నాకు తట్టలేదు.

ఆ ఫిల్టర్ నా పనేనని సారుకు చెప్పేశాను. "పరేషాన్ గాకు. జల్లెడ పడితె తప్పులేదు. కింద వడ్డది గూడ ఒక్కపారి చూడాలె" అన్నారు సారు. "పోయి పెద్దసారుకు నువ్వే చెప్పు. నేను ఎంటొస్త."

వచ్చారు. నేను తిట్లు తింటున్నంతసేపూ పక్కనే నిలబడ్డారు. తొమ్మిది పేర్లూ జాబితాకెక్కాయి. నాకు ఉద్యోగం వచ్చింది అంతకు చాలా ముందే అయినా, పని నేర్చుకున్నది మాత్రం ఆ రోజే. ఆ రుణం సంగతి ఆయనకు ఒక్కసారైనా నోటితో చెప్పలేదు.

శుక్రవారం ఆయన ఇంటికి వెళ్లొచ్చి, ఫ్రమ్‌లో ఆయన అడ్రసు కొట్టాను. అన్నిటికన్నా పైన పది రోజుల కిందటిది. వచ్చిన రోజే సబ్జెక్టు చదివి, సరేలే అనుకుని వదిలేశాను.

"ఎవలదన్న కాయితం కనవడకుంటె అడుగు బేటీ. ఇంట్లనే ఉన్న."

తెరవని మెయిలు కాబట్టి ఆ వరస ఇంకా లావు అక్షరాల్లోనే ఉంది. నేను తెరవలేదు.