నాయకత్వ కోర్సు చూడబోయి రేగోడ్ బస్సెక్కాను

విద్యార్థులకు నాయకత్వం నేర్పే కోర్సులు ఎంతవరకు పనికొస్తున్నాయో చూసి చెప్పడం నా ఉద్యోగం. మెదక్‌లోని ఒక డిగ్రీ కాలేజీ నుంచి వచ్చిన అభిప్రాయ ఫారాలన్నిటిలోనూ "చాలా బాగుంది" అనే ఉంది. కానీ నలభై మంది చేరితే పూర్తిచేసింది పద్దెనిమిది మందే. మానేసినవాళ్ళకు రెండో బ్యాచ్‌లో చోటివ్వాలా వద్దా అన్నది నా రిపోర్టును బట్టి తేలుతుంది. "పల్లెల నుంచి వచ్చేవారిలో ఆసక్తి తక్కువ" అని రాసి, రెండు రోజులు ఆ వాక్యం వైపే చూస్తూ కూర్చున్నాను. వాళ్ళను ఒక్క మాటైనా అడగకుండా అంత మాట ఎలా రాశాను? అందుకే బయల్దేరాను.

జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఉదయం ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కి నర్సాపూర్ మీదుగా తొమ్మిదింటికి మెదక్‌లో దిగాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్, డబ్బు కట్టక్కర్లేదు. వెంట మగవాళ్ళుంటే నూటయాభై దాకా చూసుకోండి. నర్సాపూర్ అడవి దగ్గర చలి కొడుతుంది, శాలువా ఉంచుకోవడం మంచిది. బస్టాండు నుంచి కాలేజీకి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు.

కోర్సు చెప్పే రమేశ్ సార్ అక్కడ గెస్ట్ లెక్చరర్. రోజూ నాలుగింటి దాకా ఆయనకు వేరే క్లాసులు, ఆ తర్వాత ఐదింటి దాకా ఈ కోర్సు చెప్పేవారు. హాజరు పట్టిక నా ముందు పెట్టి నిట్టూర్చారు. "ఫస్ట్ వారం మస్తు ఉషారుగ ఉండె మేడం. గా మంజులను గ్రూప్ లీడర్ను చేసిన. ఎనిమిదో రోజు సంది పత్తా లేదు. నేనేం చేయాలె చెప్పుండ్రి?" ఆయన గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ వినిపించింది. పట్టికలో మంజుల పేరు పక్కన "కమిట్‌మెంట్ లేదు" అని ఎర్ర ఇంకుతో ఉంది.

పొద్దంతా కోర్సు పూర్తిచేసిన పిల్లలతోనే గడిచింది. నాలుగింటికి గేటు దగ్గర మంజుల దొరికింది. బీకాం రెండో సంవత్సరం. ఆగమంటే ఆగలేదు. "బస్సు పోతది మేడం. మాట్లాడాలంటే మీరు గుడ రాండ్రి."

వెళ్ళాను. నాలుగున్నరకు వాళ్ళ ఊరివైపు వెళ్ళే రేగోడ్ బస్సు కిక్కిరిసి కదిలింది. మంజులా, ఆమెలాగే కోర్సు మానేసిన స్నేహితురాలు స్రవంతీ నన్ను వెనక సీట్లో ఇరికించారు.

"గీ బస్సు పోతే మళ్ల ఏడు గంటలకే మేడం," అంది మంజుల. "ఫస్ట్ వారం దాంట్లనే పోయిన. ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. మా నాయిన రోజూ రోడ్డు మీదికొచ్చి నిలబడుతుండె. ఏడో రోజు అన్నడు, రేపటి సంది కాలేజీ బందు అని. గందుకే కోర్సు ఇడిసిన. కాలేజీ ఇడువలే."

"సార్‌కు చెప్పలేదా?"

"చెప్పినం. లీడరన్నోడు ప్రాబ్లమ్‌ను దాటాలె అన్నడు."

"టైమ్ మేనేజ్‌మెంట్ పాఠం రోజు గుడ మాకు బస్సు పోయింది మేడం!" అంది స్రవంతి. వెనక సీట్లన్నీ నవ్వాయి; అక్కడున్నవాళ్ళలో చాలామంది ఆ కోర్సు మానేసినవాళ్ళే. నేనూ నవ్వాను గానీ, నేను రాసిన "ఆసక్తి తక్కువ" గుర్తొచ్చింది.

అక్కడి నుంచే రమేశ్ సార్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. క్లాసు మధ్యాహ్నం పెట్టలేరా అని అడిగాను.

"గప్పుడే గద మేడం నేను డబ్బా ఇప్పి అన్నం తినేది!"

మంజుల ఫోన్ మీదికి వంగింది. "మీరు తినుకుంట చెప్పుండ్రి సార్. మేం తినుకుంట వింటం."

"కూర వాసనకు పాఠం తలకెక్కుతదా పిల్లా?"

"ఎక్కుతది సార్. పెయ్యి క్లాసుల, పానం బస్టాండ్ల ఉంటెనే ఎక్కది."

ఆయన నవ్వారు. "సరే. పన్నెండున్నరకు పెట్టుకుందం. ఇడిసినోళ్ళ పేర్లు నువ్వే రాసుకొని రా. మేడం, మీ రిపోర్టుల రాసి పైవాళ్ళను ఒప్పిస్తరు గదా?"

ఒప్పిస్తానన్నాను. పాపన్నపేటలో దిగి షేర్ ఆటోలో మెదక్‌కు తిరిగొచ్చి, బస్టాండులోనే కూర్చుని ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట క్లాసు వేళ, బస్సు వేళ పక్కపక్కన రాసి, మానేసిన ఇరవై ఇద్దరినీ తిరిగి చేర్చుకోమని సిఫారసు చేశాను. మంజులకు సార్‌తో అలా మాట్లాడే ధైర్యం కోర్సులోని మొదటి వారం ఇచ్చిందా, ముందునుంచీ ఉన్నదా? అది నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదనే రిపోర్టులో రాశాను. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆ మాట రాయడం ఇదే మొదలు. మీరూ ఇలాంటి కోర్సు చూడబోతుంటే, పూర్తిచేసినవాళ్ళ జాబితా కంటే ముందు మానేసినవాళ్ళ జాబితా అడిగి తీసుకోండి, వాళ్ళతోపాటు ఇంటిదారి బస్సెక్కండి.