నా కూతతో మనవడు కట్టిన పాట

ఈ జిల్లాలో ఫోన్‌లో ఆటలాడి పేరు తెచ్చుకున్న మొదటి మొనగాడు మా మనవడు. వాడిని తయారుచేసింది నేను. ఎంతమంది మైకు పెట్టి అడిగినా వాడు ఈ ముక్క చెప్పడు కాబట్టి నేనే రాసిపెడుతున్నాను. వాడిప్పుడు కళాకారుడు. కళాకారులకు తాతలుండరు, స్ఫూర్తి ఉంటుంది.

తయారుచేశాను అన్నాను కదా, జర తగ్గించుకుంటాను. నేను చేసింది వాడిని తిట్టడం. కానీ ఆ తిట్లే లేకపోతే వాడి మొహం ఎవడు చూసేవాడు?

మాది కోస్గి అవతల, బస్సు దిగాక ఇంకా చాలాసేపు నడవాల్సిన ఊరు. చుట్టూ గుట్టలు, ఎర్ర నేల. వాన పడితే కందులు పండుతాయి, పడకపోతే ముచ్చట్లు పండుతాయి. మేము గొర్రెల వాళ్లం. నా వయసులో నా మంద వాగు దాటుతుంటే, ముందు గొర్రె అవతలి ఒడ్డున మేసి అరిగించుకున్నాక గానీ చివరి గొర్రె నీళ్లలో కాలు పెట్టేది కాదు. ఇది అబద్ధం. మా వాగును దాటడానికి గొర్రె కాలు పెట్టక్కర్లేదు, ఎగిరితే చాలు. మందలో అసలు ఎన్ని ఉండేవో మా ముసలామెకు తెలుసు. ఆమెను మాత్రం అడగకండి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నా మోకాళ్లు పోయాయి. గొర్రెలను అమ్మేద్దామని కొడుకు పట్టుబట్టాడు. వాడు కోస్గిలో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. రోజంతా యూరియా మధ్య కూర్చుని ఇంటికొచ్చి, గొర్రెల వాసన పడదంటాడు. గొర్రెలు లేకపోతే నాకు పొద్దు గడవదనీ, మంచం మీద కూర్చుంటే ఇంకో ఏడాది కూడా ఉండననీ చెప్పి ఏడ్చినంత పని చేశాను. కొన్నాళ్లు ఇంట్లో లొల్లి నడిచాక వాడు ఒక మాటకు వచ్చాడు.

"నువ్వు కూత పెడితె అవి వచ్చినన్ని దినాలు ఉంచుకో నాయినా. వాటెంబడి నువ్వు ఉరికే దినం వస్తె మాత్రం బండెక్కిస్త. మల్ల మాట లేదు."

ఒప్పుకున్నాను. నా కూత మీద నాకు అంత నమ్మకం. దాన్ని రాయడానికి అక్షరాలు లేవు. నాలుకను అంగిలికి కొట్టి, కడుపులోంచి లాగి, చివర దారం తెగినట్టు సన్నగా వదిలేయాలి. మా నాయిన దగ్గర నేర్చుకున్నాను. పొద్దు వాలేముందు చేను గట్టు మీద నిలబడి ఆ కూత ఒక్కటి పెడితే, గుట్ట పక్కన ఎక్కడ మేస్తున్నవైనా తలలెత్తి నా దగ్గరికి దిగివచ్చేవి. మోకాళ్లు చేయాల్సిన పనిని గొంతు చేసిపెట్టేది. పక్క మండలం గొర్రెలు కూడా వచ్చేవని నలుగురిలో చెప్పుకునేవాణ్ని. ఒకసారి ఒక మేక వచ్చిన మాట నిజం. అది మాదే, తప్పిపోయి ఉండింది.

కరోనా ఏడాది కాలేజీ మూసేస్తే మనవడు మహబూబ్‌నగర్ నుంచి ఇంటికొచ్చాడు. ఊరు మొత్తంలో ఫోన్‌కు సిగ్నల్ దొరికే జాగా మా గొర్రెల దొడ్డి. అంటే గవర్నమెంటు ఊరికి ఇచ్చిందేదో నేరుగా గొర్రెలకే ఇచ్చింది. వాడు పొద్దున్నే దొడ్డి గోడ మీద కూర్చుని, చెవులకు డిప్పలు తగిలించుకుని, "ఎనకున్నడు, ఎనకున్నడు, ఏసెయ్యి" అని కేకలు పెట్టేవాడు. మొదటిరోజు మా ముసలామె గాలి సోకిందనుకుని నిమ్మకాయ తెచ్చి దిష్టి తీసింది. అది కూడా లైవ్‌లో పోయింది. వాడు ఆడుతుంటే ఎక్కడెక్కడివాళ్లో చూస్తున్నారని అప్పుడే తెలిసింది. ఒకడు ఆడుతుంటే ఇంకొకడు చూసుడేందని నేను నవ్వాను. మా ముసలామె చాటలో బియ్యం చెరుగుతూనే, చూడటం సంగతి సరే, నువ్వు రేడియోలో క్రికెట్టు విననే వింటివి కదా అన్నది. ఆ తర్వాత నేను ఆ విషయం ఎత్తలేదు.

గొర్రెలు అరిస్తే వాడి ప్రోగ్రాం పాడవుతుంది. అందుకని మొదలుపెట్టేటప్పుడు ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో నా మక్క గింజలు దొడ్డిలోకి చల్లుతూ, రోజూ ఒకేలా రాగం తీసేవాడు: "దోస్తులూ... వచ్చిన్రా... వచ్చిన్రా..." ఫోన్లో దోస్తులు వచ్చేవాళ్లు, కింద గొర్రెలు నోరు మూసుకుని నమిలేవి. నేను వెనకనుంచి మందను విడవడానికి వస్తూ నా వంతు నేను అందుకునేవాణ్ని.

"పొద్దటిసంది ఎందర్ని సంపినవ్‌రా? ఇంట్ల ఎలుకను కొట్టుమంటె మాత్రం మీ అవ్వను పిలుస్తవు."

ఇదీ వాడి కెరీర్‌కు పునాది. తాత ఏడి, తాతను తిట్టుమను అని జనం రాయడం మొదలుపెట్టారు. నేను తిట్టని రోజు వాడి ఆట చప్పగా ఉందన్నారట. లాక్‌డౌన్ తీసేశారు, కాలేజీ తెరిచారు, మా కళాకారుడు మాత్రం దొడ్డి గోడ దిగలేదు. ఏళ్లు గడిచాయి. కోస్గి బస్టాండులో పిల్లలు వాడితో ఫోటోలు దిగేవాళ్లు. నాతో కూడా దిగేవాళ్లు. ఒకడు దిగాడు.

తర్వాత వాడికి వ్యాపారం పట్టింది. నా భుజాన ఉన్న నల్ల గొంగడి చూసి అది ఎక్కడ దొరుకుతుందని జనం అడిగారు. ఇంకేముంది, దొడ్డి గోడకు కంపెనీ బోర్డు వెలసింది. మనవడు ఫౌండర్. పొట్లాలు కట్టేది వాళ్ల అవ్వ, అంటే మా ముసలామె. ఆమెకు హోదా ఏదీ ఇవ్వలేదు, సుతిలి తాడు ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా నేస్తున్న ముసలివాళ్లందరి దగ్గరా గొంగళ్లు తెచ్చి ఇల్లు నింపాడు.

గొంగడి సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. దానికి చింతగింజల గంజి పట్టిస్తాం. బిర్రుగా, గరుకుగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. ఆ గంజి వల్లే వాన చుక్క లోపలికి దిగకుండా జారిపోతుంది. పట్నం కొనుగోలుదారులకు గుచ్చుకుందట, వాసన వచ్చిందట. ఫౌండర్‌గారు ఆలోచించారు. నన్ను అడగకుండా గొంగళ్లన్నీ తొట్లలో వేసి, మా ముసలామె తలకు కూడా ఎరగని షాంపూలతో పిండి ఆరేశారు. పిల్లిపిల్లల్లా మెత్తబడ్డాయి. మొదటి వానకు ఎవరో ఒకాయన కప్పుకుని బయటికి వెళ్లి, లోపల చొక్కా పిండి చూపిస్తూ వీడియో పెట్టాడు. తడవని గొంగడిని తడిసేలా చేయడం మా తాతముత్తాతలెవరికీ చేతకాలేదు. మావాడు ఒక్క పూటలో సాధించాడు.

మిగిలిపోయిన గొంగళ్లను ఏం చేయాలో తెలియక వాడు ఇంటి వెనక కొట్టం గోడలకు కొట్టేశాడు. లోపల మాట్లాడితే బయటికి వినబడదు, బయట అరిస్తే లోపలికి వినబడదు. వ్యాపారం మునిగిన మనిషి ఇట్లాంటి గది కోరుకోవడం న్యాయమే అనుకున్నాను. వాడు దానికి స్టూడియో అని పేరు పెట్టి సంగీత దర్శకుడైపోయాడు.

ఆ గదిలో నా కూతను దొంగిలించాడు. చాలారోజులు నేను అందరికీ ఇదే మాట చెప్పాను, దొంగిలించాడని. జరిగిందేమిటంటే, వాడు అడిగిన రోజు నేను కొత్త ధోవతి కట్టుకుని, మీసానికి రంగేసుకుని వెళ్లాను. వాడు చాలు తాతా అన్నా, ఇంకోసారి, ఇంకోసారి అని కూశాను. పెండ్లిచూపులకు కూడా ఇంత తయారై రాలేదని మా ముసలామె తలుపు దగ్గర నిలబడి అన్నది.

పాటలో మాటలు లేవు. నా కూత, తర్వాత గుండె అదిరేలా డప్పులు, మళ్లీ నా కూత. అది దేశమంతా మోగింది, విమానాల్లో కూడా వేస్తున్నారు. విమానం నేనెక్కలేదు, కానీ మా వైపు ట్రాక్టర్ ఏదీ అది లేకుండా కదలలేదు. ఆటోల్లో అదే, ఫోన్ మోగితే అదే, పెండ్లి డీజేల్లో అదే. నేను రుమాలు సరిచేసుకుని రోడ్డు పక్కన ఊరికే నిలబడేవాణ్ని.

నేను నిలబడ్డాను, గొర్రెలు ఉరికాయి. రోడ్డు మీద ట్రాక్టర్ కూత పెడితే మేత వదిలి దాని వెనకపడేవి. ఒకరోజు ఒక బారాత్ మా చేను పక్కగా పోతూ డీజే మీద నా పాట వేసింది. మంద మొత్తం గట్టు దూకి బారాత్‌లో కలిసింది. పెండ్లికొడుకు కారు పైకెక్కాడు. వెనక పాట మోగుతున్నంతసేపు వాటిని తోలడం ఎవరి వల్లా కాలేదు. పెండ్లివారు మా కొడుకు దుకాణంలో ఎరువులు కొనేవాళ్లే కావడంతో, వార్త నాకంటే ముందు వాడికి చేరింది.

ఉరికినన్ని రోజులూ నయమే. ఎన్నిసార్లు ఉరికినా అక్కడ నేను లేను, నీళ్లు లేవు, దొడ్డి లేదు. గొర్రెను తెలివితక్కువదంటారు గానీ, ఎన్నిసార్లయినా మోసపోవడానికి అది మనిషి కాదు. ఒక సాయంత్రం గట్టు మీద నిలబడి కూత పెడితే ఒక్కటి కూడా తలెత్తలేదు. గొంతు బాగాలేదనుకున్నాను. మర్నాడు కూడా అంతే. కర్ర పట్టుకుని, రాయి రాయికీ కూర్చుంటూ గుట్ట ఎక్కి తోలుకొచ్చాను. ఇంట్లో మాత్రం పిలవగానే ఉరికొచ్చాయని చెప్పాను. మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే మా ముసలామె కాసేపు చూసింది.

"ఏమయ్యా, కూత పెడితె మోకాళ్లు గిట్ల ఉబ్బుతయా?"

ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ బారాత్ సంగతి విన్న కొడుకు ఆ ఆదివారం పొలం దగ్గరికి వచ్చాడు. గొర్రెలు కొనే బండివాడికి చెప్పే వచ్చానన్నాడు. మనవడు కూడా వెంట వచ్చాడు, చేతిలో ఫోను. మంద గుట్ట పక్కన మేస్తోంది.

"కూత పెట్టు నాయినా, వింట."

పెట్టాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ పెట్టలేదు. ఇందులో అతిశయోక్తి లేదు, కావాలంటే మనవడిని అడగండి, వాడికిప్పుడు సంగీతం తెలుసు. ఒక గొర్రె తలెత్తింది. ఫోన్‌లో అడ్వర్టైజ్‌మెంటు వస్తే మనం చూసినట్టు నన్ను చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. రెండోసారి కూశాను. రోడ్డు మీద పోతున్న ట్రాక్టర్ ఏదో అదే కూతతో నాకు జవాబిచ్చింది.

కొడుకు బండివాడికి ఫోన్ చేయడానికి జేబులో చెయ్యి పెట్టాడు. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. మనవడు నా వైపు చూసి, ఫోనును జేబులో వేసుకున్నాడు. నేను చూస్తుండగా అట్లా చేయడం అదే మొదలు. గట్టు ఎక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"దోస్తులూ... వచ్చిన్రా... వచ్చిన్రా..."

తలలన్నీ ఒక్కసారి లేచాయి. దుమ్ము లేపుకుంటూ దిగివచ్చి వాడి చుట్టూ మూగి, మక్కల కోసం వాడి చేతులు వాసన చూశాయి. వాడి చేతుల్లో ఏమీ లేదు. కొడుకు కాసేపు నోరు తెరిచి చూశాడు, కానీ వాడు ఎరువులు అమ్మేవాడు, మాట మాటే.

"ఇవి వీనికి వచ్చినయ్ నాయినా, నీకు రాలే. రేపు వీడు పట్నం పోతె నువ్వేం జేస్తవ్?"

"రేపు తాతనే పిలుస్తడు," అన్నాడు మనవడు. "ఒక్క దినం ఆగు నాయినా."

ఆ సాయంత్రం కొట్టంలో, గోడలకు గొంగళ్లు వేలాడుతుండగా, మనవడు గురువు, నేను శిష్యుణ్ని. నేను దోస్తులూ అంటే పోలీసు పిలిచినట్టుందన్నాడు. కూత లాగా లాగొద్దు, నీకు ఇష్టమైనవాడు దూరంగా కనిపిస్తే ఎట్లా పిలుస్తావో అట్లా పిలువు అన్నాడు. మా నాయిన నాకు కూత నేర్పిన నాడు కూడా నేను ఇంత తిట్లు తినలేదు. గొంగళ్ల పుణ్యమాని బయటికి వినబడలేదు. వినబడనిదానికే మా ముసలామె వాకిట్లో కూర్చుని నవ్వింది.

మర్నాడు జేబునిండా మక్కలు పోసుకుని గట్టెక్కి, కొడుకు చూస్తుండగా, ఈ వయసులో, గొర్రెలను దోస్తులూ అని పిలిచాను. అన్నీ పరుగెత్తుకొచ్చాయి అని రాయాలనుంది. ముందు ఒక ముసలి గొర్రె వచ్చింది. నా గుప్పిట వాసన చూసి, సరే అన్నట్టు నిలబడింది. తర్వాత మిగతావి తీరుబడిగా వచ్చాయి. కొడుకు వాటి వైపు, నా వైపు చూశాడు. బండివాడికి ఫోన్ చేసి వద్దని చెప్పాడు. పోతూ పోతూ, పిలిస్తే పిలిచావు గానీ తెలిసినవాళ్లెవరైనా రోడ్డు మీద పోతుంటే జర మెల్లగా పిలువమని బతిమాలాడు.

ఇంకో పని మిగిలింది. ఆ పిలుపు కూడా ఊరంతా మోగితే నా సంగతి ఏమిటి? అడగడానికి నాకు నోరు రాలేదు. వాడే చెప్పాడు, పాటలో పెట్టనని, లైవ్‌లో కూడా ఇక అననని. వాడి పేరు తెలియనివాళ్లకు కూడా ఆ పిలుపు తెలుసు. ఇప్పుడు వాడు ఫోన్ ముందు కూర్చుని, దగ్గి, "ఊఁ, మొదలువెడుదాం" అంటాడు. అది ఎందుకు మానేశావని జనం అడిగితే, ఇచ్చేసిన అంటాడు. ఎవరికిచ్చాడో చెప్పడు. వాడి కళలో పరిణతి వచ్చిందని ఎవరో రాశారట.

నేను రోజూ పొద్దు వాలేముందు గట్టెక్కుతున్నాను. మొన్న నేను పిలవగానే రోడ్డు మీద పోతున్న మోటారు సైకిలతను బండి ఆపి, కాలు కింద పెట్టి, "నన్నేనా తాతా?" అని అడిగాడు.

"నిన్ను గాదు. పో బిడ్డా, అడ్డం నిలవడకు, వస్తున్నయ్."