మంచులోంచి అడిగిన పాస్

నా చేతిలోంచి ఒక బంతి వెళ్లిపోయి, దాని వెంట నా స్నేహితుడి ఉద్యోగం కూడా వెళ్లిపోబోయిన కథ ఇది. మీకు బాస్కెట్‌బాల్ తెలియకపోయినా ఫర్వాలేదు. నాకూ ఎంత తెలుసో చివరికి మీకే అర్థమవుతుంది.

తొంభైల నాటి మాట. దువ్వాడ స్టేషన్ అవతల మా కోర్టు. బంతి తెచ్చి పంచడం నా పని. బీరువాలాంటి సింహాచలం వెళ్లి ఎదుటివాళ్లకు అడ్డంగా నిలబడేవాడు. అతని వీపు చాటున రమణ మూలకు జారుకునేవాడు. వాళ్లు ఆ బీరువాను చుట్టి వచ్చేలోగా బంతి నా చేతిలోంచి రమణకి, రమణ చేతిలోంచి బుట్టలోకి! ముగ్గురిలో ఎవరు లేకపోయినా మిగతా ఇద్దరూ దండగే. కానీ గొప్పంతా నాదేనని నా నమ్మకం. ఎందుకంటారా? నేను చూడకుండా పాస్ ఇచ్చేవాణ్ని. మూలనుంచి "బావా" అని వినబడితే చాలు, మొహం ఇటు, బంతి అటు.

"సూసి ఇవ్వు బావా" అనేవాడు సింహాచలం.

"నాను సూత్తే ఎదుటోడూ సూత్తాడు. నీకు తెల్దులే."

ఆ సాయంత్రం ఫైనల్. ఓ కంపెనీ జట్టుకు మనుషుల్ని ఎంచే సారు రమణ ఆట చూడ్డానికే వచ్చి, గీత అవతల ఎక్కడో నిలబడ్డారు. రమణ తండ్రి చూపు మందగించి సముద్రంలో చేపల వేటకెళ్లడం మానేశాడు. జట్టులో చోటుతో పాటు కంపెనీ ఇచ్చే ఉద్యోగమే ఆ ఇంటికి దిక్కు.

ఆట చివరికొచ్చేసరికి పుష్యమాసపు మంచు దిగింది. అవతలి బుట్ట మాయమైంది. ఉక్కు ప్లాంటులో ఇనుము తీయగా మిగిలిన మరిగే మడ్డి కుమ్మరించినప్పుడల్లా ఆకాశం ఎర్రబడి, మంచు మీద మా నీడలు లేచి మళ్లీ మునిగిపోయేవి. నీడలు మనుషులకంటే ఎక్కువున్నట్టు అనిపించింది. భయమేసి అటు చూడటం మానేశాను.

ఒక్క బుట్ట పడితే గెలుపు మాదే. సింహాచలం అడ్డంగా నిలబడ్డాడు. కుడి మూలనుంచి, చెవి పక్కనే అన్నంత మెల్లగా వినబడింది.

"ఇటియ్యి బావా."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగిందెవరో చూడకుండానే పెట్టేశాను.

బంతి మంచులోకి పోయింది. నేలకు తగిలిన చప్పుడు లేదు.

"ఏటి బావా, ఎవలికిచ్చేసినావు?" నా ఎడమ పక్కనుంచి రమణ గొంతు. "నానింకా ఇక్కడే ఉన్నాను గదా!"

మంచులోంచి రెండు చేతులు, వాటి మధ్య బంతి, నెమ్మదిగా బయటికొచ్చాయి. నేను సింహాచలం వెనక నక్కాను. తర్వాత మొహం కూడా వచ్చింది. సారు! గీత దాటిన బంతి ఎదుటివాళ్లది, టైమూ అయిపోయింది కాబట్టి మేం ఓడిపోయాం. రమణ అక్కడే కూలబడ్డాడు. వాణ్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

సారు వాడి భుజం పట్టి లేపారు. "పాత ఆటగాణ్నయ్యా. అలవాటు కొద్దీ సెయ్యెత్తీసాను, బంతి నాకొచ్చీసింది. రేపు పొద్దున రా, మళ్లీ సూత్తాను."

మర్నాడు ఎండలో అదే ఎత్తు వేశాం. నేను కళ్లు పత్తికాయల్లా చేసుకుని చూసి మరీ ఇచ్చాను. రమణ గురి తప్పలేదు, ఉద్యోగం ఖాయమైంది. ఆ సంతోషంలో టీ తాగుతూ ధైర్యం చేశాను.

"నిన్న మీరు బావా అని పిలవకపోయుంటే, సార్..."

సారు గ్లాసు కిందపెట్టారు. "సెయ్యెత్తిన మాట నిజిమే. పిలిసింది నాను కాదు. నా ఎనకాల్నుంచి ఎవలో పిలిత్తే మీవోడే అనుకున్నాను."

నిన్న కోర్టు దగ్గర ఆయన వెనకాల ఉన్నది ప్రహరీగోడ ఒక్కటే.

సింహాద్రి అప్పన్న సాక్షిగా ఆ టీకొట్టు ముందే ఒట్టు పెట్టుకున్నాను: మొహం చూడనిదే ఇక ఎవరికీ బంతి ఇవ్వను. మొహం లేనివాడు మళ్లీ అడిగితే మాత్రం బంతితో పాటు కోర్టు కూడా ఇచ్చేస్తాను.